ఎనభై ఎనిమిదో వరుస కింద

బ్ర్నోలో ఫిబ్రవరి. కిటికీకి లోపలి వైపే మంచు పట్టింది.
ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు పుట్టే ఈ మూడంతస్తుల భవనంలో
హినెక్ గారి తెర ఒక్కటే ఇంకా బూడిదరంగు.
"రంగులెందుకు బ్లజెనా, ఇదేమన్నా సర్కస్ డేరానా?"
ముప్పై ఏళ్లుగా వీహెచ్‌డీఎల్ రాస్తున్న మనిషి.
కోడ్‌ని కాగితమ్మీద అచ్చేసుకుని
చెవి మీది పెన్సిల్ తీసి దిద్దుతాడు.

నాకూ ఆయనే నేర్పాడు:
వరసగా రాస్తాం, వరసగా జరగదు.
పై వరుసా కింది వరుసా ఒకే ఊపిరి.
ఇది వంట చేసే విధానం కాదు,
వంటిల్లే.

ఎడిటర్‌లో ప్లగిన్ పెట్టి రమ్మని నన్ను పంపారు.
పెట్టాను.
ఏమీ కాలేదు.
కింద మూల చిన్న చక్రం తిరిగి తిరిగి
సర్వర్ లేవలేదంది.
కాన్ఫిగ్ ఫైల్ తెరిచి
ఏ లైబ్రరీ ఎక్కడుందో ఒక్కొక్కటే చెప్పాను,
కొత్త కోడలికి డబ్బాలు చూపించినట్టు.
అయినా లేవలేదు.
మధ్యాహ్నం దాటాక దొరికింది:
ఆయన ఫోల్డర్ పేరు "పాత సామాన్లు", చెక్ భాషలో.
అందులో ఒక అక్షరం నెత్తిన చిన్న కొక్కెం,
ఆ కొక్కేనికి తగులుకుని
దారి మొత్తం ఆగిపోయింది.
"మా అమ్మ భాషకి టోపీ తీసెయ్యమంటావా?"
అని గొణుగుతూనే పేరు మార్చాడు.

అప్పుడు వచ్చాయి రంగులు.
కీలక పదాలు నీలం, సిగ్నళ్లు తెలుపు,
రెండు గీతల తర్వాత రాసుకున్న మాటలు మాత్రం
ఆయన మర్యాద కోసం బూడిదగానే ఉంచాను.
రంగులతో పాటే పసుపు అలలు,
రెండు వందల పద్నాలుగు హెచ్చరికలు.
ఆయన మొహం ముడుచుకుంది.
నిన్న పుట్టిన ప్లగిన్, నాకు ఒత్తులు దిద్దుతుందా?

దిద్దింది. చాలావరకు చిల్లర తప్పులే.
వాడని పేర్లు, చదవని సిగ్నళ్లు,
ఎన్నడో తీసేసిన సెన్సర్‌కి ఇంకా పరిచి ఉన్న పీట.
ఎనభై ఎనిమిదో వరుస దగ్గర మాత్రం
పెన్సిల్ చెవి మీదికి తిరిగి వెళ్లలేదు.

ఒక ప్రాసెస్ ఎవరి పిలుపుకి లేవాలో
దాని నెత్తిన జాబితా ఉంటుంది.
ఆ జాబితాలో గది తలుపు లేదు,
శూన్యం నింపిన గది తలుపు.
సిమ్యులేషన్‌లో తలుపు తెరుచుకున్నా
ఆ ప్రాసెస్ నిద్రపోతూనే ఉంటుంది,
చెవిటివాడి ముందు శంఖమే.
రాగితీగల్లోకి దిగాక మాత్రం
జాబితాతో పనిలేదు,
తలుపు కదిలితే పలుకుతుంది.
కాగితమ్మీద చెవుడు, యంత్రంలో వినికిడి.

"పదకొండేళ్లు," అన్నాడు హినెక్.
సరిగ్గా అక్కడే, బూడిదరంగులో, ఆయన రాసిందే:
డోబ్రొమిలా అంటోంది తలుపు వినపడట్లేదని.
యంత్రంలో చూశాను. బాగుంది. ఆమెది పొరపాటు.

ఆమె తెరమీద చూసింది.
ఈయన యంత్రాన్ని చూశాడు.
ఇద్దరూ చూసింది నిజమే.
ఆ వాదన తర్వాత ఆమె బల్ల
పై అంతస్తుకి మారిందని విన్నాను.
అప్పటికి నేను ఈ ఊరికే రాలేదు.

ఒక కామా, ఒక పేరు.
సేవ్ చేశాడు.
పసుపు అల నీళ్లలో ఇంకినట్టు పోయింది.
బూడిదరంగు మాటల మీద కర్సర్ పెట్టి
తుడుస్తాడనుకున్నాను.
తుడవలేదు.
కర్సర్ మిణుకుమంటూ ఉంది, ఆయన టీ చల్లారిపోయింది.

"ఆమె ఏ షాలినా ఎక్కుతుందో తెలుసా?"
ఈ ఊళ్లో ట్రాముని అలాగే అంటారు.
ఐదూ పదికి, నాలుగో నంబరు, అన్నాను.
టైము చూసుకుని
ఎనభై ఎనిమిదో వరుస ఉన్న పేజీ ఒక్కటే అచ్చేసి
మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

మిగిలిన రెండు వందల పదమూడు
నాకు వదిలేసి.